ఫోన్ బదులు సొంతంగా లినక్స్ హ్యాండ్‌హెల్డ్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే చేతి కంప్యూటర్) కట్టుకుంటే రోజూ వాడుకోగలమా?

అర్ధరాత్రి_రూట్:
అందరికీ నమస్తే. ఆండ్రాయిడ్‌తో విసుగొచ్చేసింది, ఫోన్ బాగానే ఉన్నా అప్‌డేట్లు ఆపేస్తారు, అడగని యాప్‌లు వాళ్ళే ఎక్కిస్తారు. అందుకని రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ (అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు), ఓ చిన్న స్క్రీను, పాత బ్లాక్‌బెర్రీ కీబోర్డు, సిమ్‌7600 4జీ మాడ్యూల్ (నెట్‌వర్క్ పట్టే మోడెమ్) కలిపి నాది నేనే కట్టుకుందామని ఉంది. సోల్డరింగ్ వచ్చు, లినక్స్ ఆఫీసులో రోజూ వాడేదే. కాల్స్, మెసేజ్‌లు, ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్లోకి లాగిన్ అవ్వడం), పాటలు, కాస్త తెలుగు చదువుకోవడం, అంతే కావాల్సింది. సిమ్ జియో. ఎవరైనా చేశారా? లేక లినక్స్‌తో నడిచే పైన్‌ఫోన్ కొనేసుకోవడం నయమా?

కోఠి_కాంపోనెంట్స్:
కట్టు అన్నా, మస్తుంటది, కానీ దాన్ని ఫోన్ అనుకోకు. అసలు లొల్లి నిద్రతోని. మామూలు ఫోన్ జేబులో ఉన్నంతసేపు పడుకునే ఉంటది, కాల్ వస్తే మోడెమ్ దాన్ని లేపుతది. రాస్ప్‌బెర్రీ పై బోర్డుకి సస్పెండే (అట్ల పడుకునుడే) లేదు, స్క్రీన్ ఆపినా లోపల నడుస్తనే ఉంటది, బ్యాటరీ తాగుతనే ఉంటది. పైన్‌ఫోన్‌లో ఆల్‌విన్నర్ ఏ64 చిప్ కాబట్టి క్రస్ట్ అనే ఫర్మ్‌వేర్‌తో నిజంగనే పడుకుంటది, అక్కడే తేడా.

ఇంకోటి, ఈ మోడెమ్ సిగ్నల్ కోసం గట్టిగా గుంజినప్పుడు ఒక్కసారిగా 2 ఆంప్స్ దాకా లాగుతది. సన్న వైర్లు, చీప్ బూస్ట్ బోర్డు (బ్యాటరీ వోల్టేజ్ పెంచేది) పెట్టినవనుకో, వోల్టేజ్ పడిపోయి సరిగ్గా కాల్ కలిసే టైముకే మొత్తం రీబూట్ అయితది. మోడెమ్ పక్కనే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ వెయ్. కోఠి గుజరాతీ గల్లీల దొరుకుతయ్. 18650 సెల్ (రీచార్జ్ అయ్యే లిథియం బ్యాటరీ) మీద 9900 ఎంఏహెచ్ అని రాసుంటే మాత్రం ముట్టుకోకు, మంచి కంపెనీ సెల్సే 3500 దగ్గర ఉంటయ్, అది పచ్చి మోసం.

సిగ్నల్_సుబ్బలక్ష్మి:
పైన చెప్పింది కరెక్టే గానీ అంతకంటే ముందు జియో సంగతి చూసుకోండి. జియోకి 2జీ, 3జీ లేవు, కాల్ అంటే వోల్టీయే (4జీ మీదే వెళ్ళే కాల్), మాడ్యూల్‌కి వోల్టీ ఉండాలి, అది ఆ నెట్‌వర్క్‌లో రిజిస్టర్ కూడా అవ్వాలి. "4జీ మాడ్యూల్" అని అమ్మేవాటిలో కొన్నింటికి డేటా మాత్రమే వస్తుంది, ఇంటర్నెట్ చక్కగా ఓపెన్ అవుతుంది, కాల్ చేస్తే ఉలుకూ పలుకూ ఉండదు. సిమ్‌7600 అని ఊరికే ఆర్డర్ పెట్టకండి, చివరి అక్షరం చూడండి. ఏ-హెచ్ అంటే అమెరికా బ్యాండ్లు (సిగ్నల్ ఫ్రీక్వెన్సీలు), జియో వాడే 3, 5, 40 అందులో లేవు. జీ-హెచ్ అయితే మూడూ ఉన్నాయి.

యూపీఐ ఆశ వదిలేసుకోండి, ఆ యాప్‌లు మీరు కట్టే లినక్స్‌లో నడవవు. మామూలు ఫోన్ల కోసం 2022లో ఆర్‌బీఐ తెచ్చిన యూపీఐ 123పే ఉంది, కాల్ చేసి కట్టొచ్చు, కానీ కూరగాయల బండి దగ్గర నిలబడి అదంతా ఎవరు చేస్తారండీ.

టెర్మినల్_తాత:
తెలుగు గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? ఉత్త కన్సోల్‌లో (అక్షరాలు మాత్రమే ఉండే స్క్రీన్‌లో) పెడితే తెలుగు రాదు బాబూ, కర్నెల్ కన్సోల్ ఫాంటుకి 512 గ్లిఫ్‌లే (అక్షర రూపాలే) గరిష్ఠం, పైగా ఒత్తులూ గుణింతాలూ కలపడం దానికి రాదు. చాలా టెర్మినల్ యాప్‌లదీ ఇదే గోల, "స్త్రీ" అని టైప్ చేస్తే ముక్కలు ముక్కలుగా విడిపోయి కనిపిస్తుంది. చదవాలంటే గ్రాఫికల్ డెస్క్‌టాప్, నోటో సాన్స్ తెలుగు ఫాంటు, బ్రౌజరు ఉండాలి, 512 ఎంబీ ర్యామ్‌లో బ్రౌజర్ అంటే రెండు ట్యాబులకే ఆయాసం. క్లాక్‌వర్క్‌పై వాళ్ళ యూకన్సోల్ (కీబోర్డున్న చేతి కంప్యూటర్) లాంటిదైతే సీఎం4 (రాస్ప్‌బెర్రీ పై వాళ్ళ కంప్యూటర్ మాడ్యూల్) పడుతుంది, ర్యామ్ ఎక్కువ, రెండు 18650లు వేసుకోవచ్చు, 4జీ కార్డు కూడా విడిగా ఇస్తారు. కాకపోతే జేబులో పట్టదు.

అర్ధరాత్రి_రూట్:
థాంక్స్ అందరికీ, వోల్టీ సంగతి అస్సలు తట్టలేదు. మరి పాత వన్‌ప్లస్ 6 కొని పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ (ఫోన్ల కోసం చేసిన లినక్స్) వేస్తే?

కోఠి_కాంపోనెంట్స్:
లినక్స్ నడపడానికి దానంత సుఖం ఇంకోటి లేదన్నా, స్నాప్‌డ్రాగన్ 845, ఫోష్ (ఫోన్ స్క్రీన్ కోసం చేసిన లినక్స్ డెస్క్‌టాప్) వేస్తే జారుడే జారుడు. కాల్స్, కెమెరా మీద మాత్రం ఆశ పెట్టుకోకు. నన్నడిగితే జియో సిమ్ ఒక డబ్బా ఫోన్లో వేసి దాన్నే హాట్‌స్పాట్ చెయ్, హాట్‌స్పాట్ ఉన్న మోడల్ చూసి తీస్కో. నువ్వు కట్టేదాంట్లకెళ్ళి మోడెమ్ తీసెయ్, కెపాసిటర్ లొల్లి కూడా పోతది. మెమరీ ఎల్‌సీడీ స్క్రీన్ పెట్టు, ఎండల గూడ మంచిగ కనపడతది, కరెంటు కూడా చానా తక్కువ తింటది.