డీసెన్సిటైజేషన్ అంటే మొద్దుబారడమేనా?

ఫార్మసీ టీచర్:
మన తెలుగు మాటల గ్రూపులో అందరికీ నమస్కారం. డిప్లొమా పిల్లలకి తెలుగులో నోట్సు రాస్తున్నా, ఒక్క మాట దగ్గర రెండ్రోజులుగా ఆగిపోయా. నరం చివర్నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వచ్చి కండరం మీదున్న రిసెప్టర్‌కి (ఆ రసాయనాన్ని పట్టుకునే ప్రోటీన్‌కి) తగులుకుంటుంది, అది తలుపు తీస్తుంది, కండరం కదుల్తుంది, ఇంతవరకు బానే ఉంది. అదే రసాయనం పోకుండా అక్కడే ఉండిపోతే కాసేపటికి రిసెప్టర్ పలకడం మానేస్తుంది, రసాయనం అయిపోయి కాదు, ఎదురుగా ఉండగానే. ఇంగ్లీషులో దీన్ని డీసెన్సిటైజేషన్ అంటారు. సంస్కృతంలో కుట్టబోతే నిస్సంవేదనీకరణం లాంటిదేదో వస్తుంది, దాన్ని చూసి పిల్లలు పేజీ తిప్పేస్తారు. "మొద్దుబారడం" అని రాశా గానీ మనసొప్పట్లేదు.

తెలుగు మాస్టారు (రిటైర్డ్):
ఎందుకమ్మా ఒప్పట్లేదు? కత్తి మొద్దుబారింది, చలికి వేళ్ళు మొద్దుబారాయి, వినీ వినీ బుర్ర మొద్దుబారింది అంటాం. పదును పోవడం, స్పర్శ పోవడం రెండూ అందులోనే ఉన్నాయి. శుభ్రంగా ఉంచేయ్.

గుంటూరు మిర్చి యార్డు:
మా దగ్గర దీనికి "అలవాటు పడ్డం" అంటాం మేడమ్. కొత్తగా చేరినోడు మొదటిరోజు తుమ్మి తుమ్మి కళ్ళెర్రజేసుకుని బయటికి పరిగెత్తుతాడు, పది రోజులు పోయాక అదే టిక్కీల (మిర్చి బస్తాల) మీద కూర్చుని టీ తాగుతాడు.

ఫార్మసీ టీచర్:
మిర్చి ఉదాహరణ చాలా బావుంది తమ్ముడూ, నోట్సులో పెడతా. మిర్చిలో ఉండే కాప్సైసిన్‌కి టీఆర్‌పీవీ1 అని వేరే రిసెప్టర్ ఉంది, దాని జన్యువుని 1997లో డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్త ల్యాబ్ పట్టుకుంది, 2021 నోబెల్‌కి దారితీసింది అదే. 43 డిగ్రీలు దాటిన వేడికి తెరుచుకునే తలుపునే మిర్చి కూడా తీస్తుంది కాబట్టే కారాన్ని మనం మంట అంటాం (ఈ విషయంలో తెలుగువాడి నాలుక సైన్సు కంటే ముందే ఉందన్నమాట). ఆ తలుపులోంచి కాల్షియం లోపలికొస్తుంది, వచ్చిన కాల్షియమే మళ్ళీ తలుపు మూతపడేలా చేస్తుంది. కానీ "అలవాటు"తో నాకో ఇబ్బంది ఉంది. అలవాటు మనిషికి, పది రోజులకో నెలకో పడుతుంది. ఇది మనిషికి సంబంధం లేకుండా ఒక్కో రిసెప్టర్‌లో సెకన్లలో నిమిషాల్లో జరిగిపోతుంది.

నల్లగొండ తమ్ముడు:
"మరిగింది" అంటే ఎట్లుంటదక్కా? మందుకు మరిగిండు అంటం గద.

తెలుగు మాస్టారు (రిటైర్డ్):
అది పూర్తిగా తిరగబడుతుంది నాయనా. రుచి మరిగిన పిల్లి ఇంకా ఇంకా కావాలని వస్తుంది. మరగడంలో ఆశ ఉంది, ఇక్కడ కావాల్సింది పలక్కపోవడం. ఎవరైనా "తినగ తినగ వేము" అని ఎత్తుకునే లోపు అదీ చెప్పేస్తా, చేదు తెలియకపోవడం వేరు, తియ్యగా అనిపించడం వేరు.

ఫార్మసీ టీచర్:
మాస్టారూ, మొద్దుబారడం మీద నా అసలు అభ్యంతరం చెప్తా వినండి. 1957లో కాట్జ్, థెస్లెఫ్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు కప్ప కండరం మీద సన్నటి గాజు గొట్టంతో ఎసిటైల్‌కోలిన్ వదిలి చూశారు. వదుల్తూనే ఉన్నారు, స్పందన మాత్రం సెకన్లలో తగ్గిపోయింది. ఆపి కొన్ని సెకన్లు ఆగితే మళ్ళీ వచ్చింది. మన గ్రూపుకి పనికొచ్చే ముచ్చటేంటంటే వాళ్ళ పేపరు టైటిల్‌లోనే డీసెన్సిటైజేషన్ అనే మాటని కోట్స్‌లో పెట్టారు, అంటే వాళ్ళకీ ఆ మాట మీద పూర్తి నమ్మకం లేదేమో అని నా అనుమానం. ఎందుకంటే రిసెప్టర్ అరిగిపోలేదు, రసాయనం తగలడం మానలేదు, నిజానికి ఆ స్థితిలో రసాయనాన్ని మామూలుకంటే గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. పట్టుకుంది, తలుపు మాత్రం తీయదు. మొద్దుబారిన కత్తి దానంతటదే మళ్ళీ పదునెక్కదు కదా, సాన పట్టాలి. ఇది వదిలేస్తే చాలు, లేచి కూర్చుంటుంది.

మత్తు డాక్టర్:
మేడమ్ చెప్పింది ఆపరేషన్ థియేటర్లో రోజూ కాకపోయినా కనిపించే సంగతే. ఊపిరి కోసం గొంతులో గొట్టం వేసే ముందు, అదే రిసెప్టర్‌కి తగులుకుని కండరాల్ని వదులు చేసే సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తే ఒళ్ళంతా ముందు గిలగిల ఒక్కసారి అదిరి, తర్వాత కండరాలు వదులైపోతాయి, కొద్ది నిమిషాల్లో తేరుకుంటాయి. ఆ మొదటి వదులు వేరే కథ, కానీ అదే మందు ఎక్కువగా, ఎక్కువసేపు ఇస్తే ఆ వదులు ఇంకో రకంగా మారి చాలాసేపు ఉండిపోతుంది, దాన్ని రెండో దశ బ్లాక్ అంటాం, అక్కడ మీ డీసెన్సిటైజేషన్ పాత్ర ఉందని చెప్తారు. మోనో లాంటి పురుగుమందు ఒంట్లోకి వెళ్ళినప్పుడూ ఎసిటైల్‌కోలిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ ఆగిపోయి ఆ రసాయనం కుప్పగా పోగుపడుతుంది, కండరాలు ముందు అదురుతాయి తర్వాత చచ్చుబడతాయి. పత్తికి మందు కొట్టే వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే గ్లౌజులూ మాస్కూ వేసుకోండి బాబూ.

నల్లగొండ తమ్ముడు:
గట్లనా, అయితే ఇది మొద్దుబారుడు కాదక్కా, మొండికేసుడు. మా నాయిన అరక దున్నేటప్పుడు ఎద్దు సాలు నడుమ పండుకునేది. కాడి మెడ మీదనే ఉంటది, ముల్లుగర్ర పెట్టి ఎంత పొడిస్తే అంత లేవది. పొడుసుడు ఆపి జరసేపు ఇడిస్తే అదే లేస్తది.

తెలుగు మాస్టారు (రిటైర్డ్):
భలే పట్టావయ్యా! ఇంకో సంగతి చూడండి, మొండి కత్తి అంటే పదును లేని కత్తే, మొండి ఎద్దు అంటే మాట వినని ఎద్దు. పదును పోవడం, పలక్కపోవడం రెండూ ఒక్క మాటలో ఇమిడాయి. నేను మొద్దు దగ్గర ఆగిపోయాను, పక్కనే మొండి ఉంది. కోస్తాలో ఇదే అర్థానికి "మొరాయించడం" ఎక్కువ వాడతాం, ఎన్నికలప్పుడు పేపర్లో ఈవీఎంలు మొరాయించాయని రాస్తారే, అది.

ఫార్మసీ టీచర్:
మొరాయించడం!! రిసెప్టర్ మొరాయించింది. ఇదే పెడతా, పక్కన మొండికేయడం కూడా రాస్తా. సిగరెట్ ఉదాహరణ కూడా దీనికి కుదిరిపోయింది, నికోటిన్ వెళ్ళేది ఈ ఎసిటైల్‌కోలిన్ జాతి రిసెప్టర్ల మీదకే, పగలంతా తాగేవాడి మెదడులో అవి మొరాయించి ఉంటాయి, రాత్రి నిద్రలో చాలావరకు తేరుకుంటాయి, అందుకే పొద్దున్నే మొదటి సిగరెట్ అంత బలంగా తగుల్తుందని చెప్తారు.

మిర్చి యార్డు:
మేడమ్ మరి మావాడు పది రోజులకి అలవాటు పడ్డాడే, అది మొరాయించడం కాదా ఇంతకీ?

ఫార్మసీ టీచర్:
కొంత అదే, కొంత వేరే తమ్ముడూ. మిర్చి మరీ ఎక్కువగా, ఎక్కువసేపు తగిలితే నరం చివర్లే కొన్నాళ్ళు వెనక్కి తగ్గిపోతాయి. అక్కి తగ్గాక మిగిలిపోయే మంటకి 8 శాతం కాప్సైసిన్ పట్టీ వేసేది ఈ లెక్క మీదే.

నర్సింగ్ స్టూడెంట్:
మేడమ్ ఒక డౌట్. మాకు ఇంకో రెండు చెప్పారు, మందు చాలాసేపు ఉంటే రిసెప్టర్‌ని కణం లోపలికి లాగేసుకుంటుందని, ఇంకా ఎక్కువ రోజులైతే రిసెప్టర్ల సంఖ్యే తగ్గిపోతుందని. ఆస్తమా ఇన్‌హేలర్ చెప్పినప్పుడు అలా లోపలికి లాగడానికి సాయపడే ప్రోటీన్ బీటా అరెస్టిన్ అని ఏదో రాయించారు. వాటికి తెలుగులో ఏం రాయాలి?

తెలుగు మాస్టారు (రిటైర్డ్):
అది ఎద్దుల ఆయన్నే అడుగుదాం.

నల్లగొండ తమ్ముడు:
లోపలికి గుంజుకునుడంటే ఎద్దును ఇప్పి కొట్టంల కట్టేసుడు. మళ్ళ బయటికి తోలచ్చు. సంఖ్య తగ్గుడంటే అంగట్ల అమ్మేసుడే, ఇగ కొత్తది కొనేదాక పని కాదు.

మత్తు డాక్టర్:
హహ. అయితే తమ్ముడూ, సిగరెట్ తాగేవాళ్ళ మెదడులో నికోటిన్ రిసెప్టర్లు తగ్గవు, పెరుగుతాయి. దానికేమంటావ్?

నల్లగొండ తమ్ముడు:
ఉన్నయన్ని మొండికేస్తే ఏం జేస్తం సార్, ఇంకో జత కొంటం.