గార్డు లేని గూడ్సు బండి: అమెరికాలో రైలు ఎలా పోయింది, ఎలా తిరిగి వచ్చింది?

ప్రశ్న (పాత గార్డు, గుంతకల్లు)

గుంతకల్లు డివిజనులో ముప్పై మూడేళ్లు గూడ్సు గార్డుగా పనిచేసి రిటైరయ్యాను. మొదటి పన్నెండేళ్లు మీటరు గేజి మీదే. మా అబ్బాయి షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉంటాడు. మూడు నెలలు ఉందామని వచ్చాను. అరోరా బాలాజీ గుడితో సహా చూడవలసినవన్నీ చూపించారు. నాకు మాత్రం స్టేషను దగ్గర బెంచీ ఒకటి ఖాళీగా దొరికితే చాలు. కోడలు ఫ్లాస్కులో కాఫీ పోసి ఇస్తుంది, వెళ్లి కూర్చుంటాను. ఎదురుగా మూడు లైన్లు.

మొదటి రోజే ఒక కంటెయినర్ల బండి వచ్చింది. ఒకదాని మీద ఒకటి, రెండేసి పెట్టెలు. అలవాటు చొప్పున వ్యాగన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నా సర్వీసులో బొగ్గు బండి అంటే 58 వ్యాగన్లు, అదే మాకు కొండవీటి చాంతాడు. ఇక్కడ వంద దాటాక లెక్క తప్పింది. చివరికి గార్డు కూర్చునే బ్రేక్ వ్యాన్ వస్తుందని చూస్తూ, ఆల్ రైట్ చెప్పడానికి చెయ్యి కూడా ఎత్తాను. బ్రేక్ వ్యాన్ లేదు. ఆఖరి వ్యాగన్ కప్లింగుకు ఒక చిన్న పెట్టె తగిలించి ఉంది, ఎర్రగా మినుకుమంటూ. ఎత్తిన చెయ్యి ఏం చేయాలో తెలియక తల గోక్కున్నాను.

షికాగోకు వెళ్లి వచ్చే లోకల్ బండ్లు సరే, దూరపు ప్రయాణికుల బండ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కో వైపు వెళ్లే కాలిఫోర్నియా జెఫైర్ రోజుకు ఒక్కటే. రెండు రాత్రులు పైన ప్రయాణమట.

ఒకే పట్టాల మీద ఒకటి ఇంతగా చిక్కి, మరొకటి ఇంతగా ఎలా బలిసింది? కార్లు, విమానాలు వచ్చాయి కదా అని మా అబ్బాయి ఒక్క ముక్కలో తేల్చేశాడు. లారీలు కూడా వచ్చాయి కదా, మరి గూడ్సు ఎందుకు పోలేదు?

జవాబు (ప్రెయిరీ గాలి)

గార్డుగారూ, నమస్కారం. నేను ఇక్కడ ఒక సరకు రైలు సంస్థలో డిస్పాచర్‌ని. మన లెక్కలో సెక్షన్ కంట్రోలరు అనుకోండి, ఏ బండి ముందు పోవాలో చెప్పేవాడు.

గూడ్సు పోలేదని అనుకోకండి. పోయింది, తరవాత తిరిగి వచ్చింది. 1929లో ఊళ్ల మధ్య నడిచే సరకులో దాదాపు నాలుగింట మూడు వంతులు రైలుదే. 1970ల చివరికి అది మూడో వంతు దగ్గరికి పడిపోయింది. లారీ ఒక్కటే కారణం కాదు. 1887లో పెట్టిన అంతర్‌రాష్ట్ర వాణిజ్య కమిషన్ రైలు రేట్ల మీద కూర్చుని ఉండేది. ఒక టన్ను గోధుమకు ఎంత తీసుకోవాలో కంపెనీ చేతిలో లేదు. నష్టం తెచ్చే కొమ్మ లైను మూయాలంటే ఏళ్లకు ఏళ్లు విచారణ. 1956 చట్టంతో ప్రభుత్వం తన ఖర్చుతో పెద్ద రోడ్లు వేసి లారీలకు ఇచ్చింది. రైలు కంపెనీ తన పట్టాలు తానే వేసుకుని, వాటికి ఆస్తి పన్ను కూడా కట్టాలి.

ప్రయాణికుల బండిని చాలా కాలం బతికించింది టికెట్లు కావు, ఉత్తరాలు. 1967లో తపాలా శాఖ రైళ్లలో ఉత్తరాలు వేరుచేసే పెట్టెలను చాలావరకు మానుకుంది. ఆ ఆదాయం పోగానే బండ్లు వరసగా ఆగిపోయాయి. 1968లో పెన్సిల్వేనియా, న్యూయార్క్ సెంట్రల్ అనే రెండు పెద్ద కంపెనీలు కలిసి పెన్ సెంట్రల్ అయ్యాయి. 1970 జూన్‌లో అది దివాలా తీసింది. అప్పటికి ఈ దేశంలో అంత పెద్ద దివాలా లేదు. 1971 మే 1న ప్రయాణికుల బండ్ల భారం ప్రభుత్వం పెట్టిన ఆమ్‌ట్రాక్ సంస్థ నెత్తిన పెట్టారు. ఆ ఒక్క రోజుతో దేశంలో దూరపు బండ్లు దాదాపు సగం మాయమయ్యాయి.

ఆ రోజుల్లో పట్టాల సంగతి మీకు చెబితే నమ్మరు. పట్టాల కింది చెక్క స్లీపర్లు కుళ్లిపోయి, నిలబడి ఉన్న వ్యాగన్లు నిలబడినట్లే పట్టాలు తప్పేవి. ఈశాన్యంలో దివాలా తీసినవాటిని కలిపి 1976లో ప్రభుత్వమే కాన్‌రెయిల్ అని నడిపింది.

మలుపు 1980 అక్టోబరులో వచ్చింది. అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన స్టాగర్స్ చట్టం రేట్లకు సంకెళ్లు విప్పింది. ఖాతాదారుతో విడిగా ఒప్పందం రాసుకోవచ్చు, పనికిరాని లైను వదిలించుకోవచ్చు. కాన్‌రెయిల్ మరుసటి ఏడాదే లాభం చూపింది, 1987లో వాటాలు ప్రజలకు అమ్మేశారు. 1980లలోనే మీరు చూసిన రెండంతస్తుల కంటెయినర్ బండి మొదలైంది. మోయడానికి వయోమింగ్ రాష్ట్రపు బొగ్గు ఎలాగూ ఉండేది. 2010లో వారెన్ బఫెట్ కంపెనీ మీ బెంచీ ఎదుటి లైను సొంతదారైన బీఎన్‌ఎస్‌ఎఫ్ అనే సరకు రైలు కంపెనీని మొత్తంగా కొనేసింది.

అయితే ఇదంతా బరువు దించుకుని బతకడమే. 1916లో 2,54,000 మైళ్ల లైన్లు ఉండేవి, ఇప్పుడు సుమారు 1,40,000. పీకేసిన లైన్ల మీద చాలా చోట్ల జనం సైకిళ్లు తొక్కుతున్నారు.

ఇక మీ గార్డు సంగతి. ఆయన్ని తీసేయలేదు, ఇంజనులోకి పిలిచారు. కండక్టర్ అంటారు, డ్రైవరు పక్కన కూర్చుంటాడు. బ్రేక్ వ్యాన్లు 1980లలో పోయాయి. ఆ ఎర్ర పెట్టె బండి చివర బ్రేకు గొట్టంలో గాలి ఒత్తిడి ఎంత ఉందో రేడియోలో ముందుకు చెబుతుంది.

జవాబు (పాత గార్డు)

బాబూ, కంట్రోలరు అంటే మాకు ఎప్పుడూ తిట్టే గొంతే. మీరు ఇంత ఓపికగా చెప్పారు, సంతోషం.

గాలి ఒత్తిడి ఆ పెట్టె చెబుతుంది, ఒప్పుకుంటాను. హాట్ యాక్సిల్, అంటే చక్రం ఇరుసు వేడెక్కిన వాసన చెబుతుందా? వంపులో బండి తిరిగేటప్పుడు తల బయట పెట్టి చూస్తే, రాత్రిపూట బేరింగు ఎర్రబడితే మాకు కనిపించేది. 2023 ఫిబ్రవరిలో ఒహాయోలోని ఈస్ట్ పాలస్టీన్ దగ్గర పట్టాలు తప్పిన బండికి మూలం వేడెక్కిన బేరింగేనని చదివాను. లైను పక్కన వేడి కొలిచే యంత్రాలు ఉన్నాయి, అయినా సమయానికి అందలేదు. గార్డు ఉంటే ఆగేదని నేను అనను. రెండు మైళ్ల బండిలో వెనక కూర్చున్నవాడికి మధ్య వ్యాగన్ ఏం కనిపిస్తుంది? అడగాలనిపించింది, అడిగాను.

జవాబు (ఉదయం 7 గంటల మెట్రా)

బాబాయిగారూ, నేను నేపర్‌విల్ నుంచే మెట్రా లోకల్ బండిలో షికాగో ఆఫీసుకు వెళ్తాను. మీ బెంచీ ఏదో నాకు తెలుసనుకుంటాను, ఫ్లాస్కు చూసిన గుర్తు!

స్టేషను దగ్గర రైలు మేకులతో చేసిన విగ్రహాలు చూశారా? 1946 ఏప్రిల్ 25న అక్కడే ప్రమాదం జరిగింది. షికాగో నుంచి రెండు బండ్లు నిమిషాల తేడాతో బయలుదేరాయి. ముందు బండిలో ఏదో తేడా అనిపించి నేపర్‌విల్‌లో ఆపారు. వెనక బండి వచ్చి గుద్దింది. 45 మంది పోయారు. ఆ తరవాత, గంటకు 80 మైళ్లు గానీ అంతకు మించి గానీ నడపాలంటే ఇంజనులో హెచ్చరించే లేదా ఆపే ఏర్పాటు ఉండాలని పైన చెప్పిన వాణిజ్య కమిషన్ నిబంధన పెట్టింది. కంపెనీలు ఆ ఖర్చు పెట్టలేదు, 79 దగ్గర ఆగిపోయాయి. ఈనాటికీ చాలా లైన్ల మీద ప్రయాణికుల బండి 79 మైళ్లే. అంటే 127 కిలోమీటర్లు.

1934లో జెఫైర్ పేరుతో తొలి స్టీలు బండి డెన్వర్ నుంచి ఈ లైను మీదుగానే షికాగోకు 13 గంటల 5 నిమిషాల్లో వచ్చింది. దారి పొడవునా గేట్లకు కాపలా పెట్టి నడిపిన ప్రత్యేక బండి, నిజమే. కానీ ఇప్పటి జెఫైర్‌కు అదే ప్రయాణం 18 గంటల పైన. మనవరాలు ముత్తవ్వకన్నా నెమ్మది.

చట్టం ప్రకారం ప్రయాణికుల బండికే ముందు దారి ఇవ్వాలి. అయితే సరకు బండి లూప్ లైనులో (ఎదుటి బండికి దారి ఇవ్వడానికి ఆగే పక్క లైనులో) పట్టనంత పొడవుంటే పక్కకు తప్పుకోవలసింది ఎవరు? చిన్న బండే. ఆ లూప్‌లో గంటసేపు మొక్కజొన్న చేను చూస్తూ కూర్చున్నాను ఒకసారి.

అలాగని అంతా నిరాశ కాదు. 2023 నుంచి షికాగో–సెయింట్ లూయిస్ బండ్లు 110 మైళ్ల వేగం అందుకుంటున్నాయి. 2024 మేలో షికాగో నుంచి సెయింట్ పాల్ వరకు బోరియాలిస్ అని రెండో బండి వేశారు, ఆరు నెలలు తిరగకముందే లక్ష మంది ఎక్కారు. ఆ ఏడాది ఆమ్‌ట్రాక్‌లో మొత్తం 3.28 కోట్ల ప్రయాణాలు, అప్పటికి అదే రికార్డు. రోజుకు ఒకటి ఉన్నచోట రెండోది వేస్తే జనం వస్తారు. దీనికి పెద్ద పరిశోధన ఎందుకో నాకు అర్థం కాదు.

జవాబు (బెజవాడ యార్డు)

అమెరికాను చూసి మురిసిపోవడం సరే. రెండంతస్తుల కంటెయినర్ బండిని కరెంటు తీగల కింద నడుపుతున్నది మనం. 2021 జనవరిలో, సరకు బండ్లకే వేసిన పడమటి కారిడార్‌లో రేవాడీ–మదార్ మధ్య మొదలైంది. అమెరికాలో అలాంటి బండ్లకు ఇప్పటికీ డీజిలే.

జవాబు (పాత గార్డు)

అమ్మా, ఆ విగ్రహాలు రోజూ చూస్తూనే ఉన్నాను, ఎవరివో అడగలేదు. మీరు చెప్పాక నిన్న వెళ్లి దగ్గరగా నిలబడ్డాను. వెనక బండి వస్తుంటే దాన్ని ఆపడానికి ముందు బండి నుంచి జెండా పట్టుకుని దిగిన మనిషి కొద్ది దూరమే పోగలిగాడని అబ్బాయి చదివి చెప్పాడు. బండి దారిలో ఆగిపోతే వెనక బండి డ్రైవరును హెచ్చరించడానికి పట్టా మీద పేలే పటాసులు పెట్టాలి: మా రూలు బుక్కులో బ్రాడ్ గేజికి 600 మీటర్ల దగ్గర ఒక పటాసు, 1200 దగ్గర పది మీటర్లకొకటి చొప్పున మూడు. ఒక వానరాత్రి పటాసుల డబ్బా చంకన పెట్టుకుని, రాళ్ల మీద పడుతూ లేస్తూ 1200 మీటర్లు నడిచాను. వెనక బండి రాలేదు. రాకపోయినా కాళ్ల వణుకు తెల్లవారేదాకా తగ్గలేదు. ఆ జెండా మనిషికి నిమిషాలే దొరికాయి.

బెజవాడ బాబూ, రేవాడీ సంగతి ఇంట్లో చెప్పాను, మా అబ్బాయి నోరు మూతపడింది. మన దగ్గర కూడా గార్డును 2022లో ట్రైన్ మేనేజర్ చేశారు. పేరు పెరిగింది, మోసే సామాను పెట్టె బరువు అదే.

వచ్చే బుధవారం జెఫైర్‌లో డెన్వర్ దాకా టికెట్ తీయించాను. విమానంలో రెండున్నర గంటలని కోడలు రెండుసార్లు గుర్తుచేసింది. ఏ లూప్‌లో ఎంతసేపు పెట్టారో నోటు పుస్తకంలో రాసి తెస్తాను. కంట్రోలరు బాబు గమనించగలరు.