క్రూయిజ్ ఓడలో ప్రార్థనకు చోటు, దిక్కు, దీపం: తెలిసినవాళ్లు చెప్పండి (చర్చ)

లంగరు:
క్రూయిజ్ ఓడల్లో పూజ, నమాజ్, మాస్ (కాథలిక్కుల బలిపూజ) ఎలా కుదురుతాయో ఒక్కచోట సమాచారం దొరకడం లేదు. కంపెనీల పేజీల్లో "అన్ని మతాలవారికీ సౌకర్యం" అన్న వాక్యం తప్ప ఏమీ ఉండదు. చోటు ఎక్కడ ఇస్తారు? ఏం తీసుకెళ్లనిస్తారు? ఏం ఆపేస్తారు? నడిసముద్రంలో దిక్కు ఎలా తెలుస్తుంది? మతం ఏదైనా సరే, తెలిసింది రాయండి. యాత్రా కథలు కాకుండా, తర్వాత ఓడ ఎక్కేవాళ్లకు పనికొచ్చే వివరాలు ఇస్తే మేలు.

ఏడోడెక్కు:
ముందు చోటు సంగతి. చాలా ఓడల్లో ప్రత్యేకంగా ప్రార్థనా మందిరం ఉండదు. ఉన్నచోట కూడా రెండు రకాలని గుర్తుంచుకోండి. కోస్తా అనే ఇటలీ కంపెనీ ఓడల్లో చాలావాటిలో చిన్న కాథలిక్ చాపెల్ ఉంటుంది, అది నిజంగా ప్రార్థన కోసమే. రాయల్ కరీబియన్ వాయేజర్ తరగతి ఓడల్లో పైడెక్కు మీద ఉండే స్కైలైట్ చాపెల్ లాంటివి ముఖ్యంగా పెళ్లిళ్లకు. డెక్ ప్లాన్‌లో "చాపెల్" అని కనిపించినంత మాత్రాన ఆదివారం అక్కడ ఆరాధన ఉంటుందనుకోకండి, తలుపు తాళం వేసి కూడా ఉండొచ్చు.

ఎక్కువగా జరిగేది థియేటర్, సినిమా హాల్, కాన్ఫరెన్స్ గది, కార్డ్ రూమ్ లాంటి చోట్ల. సమయం, చోటు రోజువారీ కార్యక్రమ పత్రంలోనో ఓడ యాప్‌లోనో వేస్తారు. అక్కడ రెండు మాటలు వేరుచేసి చదవాలి. ఫాదర్, పాస్టర్ లేదా రబ్బీ నడిపే ఆరాధన ఒకటి. ప్రయాణికులే నడుపుకునేది ఇంకొకటి. రెండోదానిలో ఓడవాళ్లు గది ఇచ్చి పత్రంలో ఒక వరుస వేస్తారు, అంతే. నడిపేవాళ్లెవరూ రాకపోతే గది ఖాళీగా ఉంటుంది. వచ్చిన పదిమందిలో ఒకరు ముందుకొచ్చి వాక్యం చదవాల్సిందే. కాబట్టి ఒక పఠనం, రెండు పాటల సాహిత్యం ఫోన్‌లో ముందే దించుకుని వెళ్లడం మంచిది. సముద్రం మీద నెట్ మీద ఆధారపడొద్దు.

కెప్టెన్ ఆరాధన నడిపే సంప్రదాయం ఇంకా పోలేదు. క్యూనార్డ్ వారి క్వీన్ మేరీ 2లో సముద్రం మీద ఉన్న ఆదివారాల్లో కెప్టెన్ అన్ని క్రైస్తవ శాఖలవారికీ కలిపి ఆరాధన నడపడం ఆనవాయితీ. టైటానిక్‌లో 1912 ఏప్రిల్ 14 ఆదివారం ఉదయం కెప్టెన్ స్మిత్ చదివించిన ప్రార్థన కూడా ఫస్ట్ క్లాస్ భోజనశాలలోనే జరిగింది. అంటే ఉన్న గదినే ఆ గంటకు గుడిగా చేసుకోవడం ఓడలకు కొత్త కాదు.

దీపస్తంభం:
అన్నిటికన్నా ముందు తెలియాల్సింది నిప్పు సంగతి. కొవ్వొత్తి, అగర్‌బత్తి, కర్పూరం, సాంబ్రాణి, నూనె దీపం ఏవీ కుదరవు. క్యాబిన్‌లోనే కాదు, బాల్కనీలో కూడా. పెట్టెల స్కానింగ్‌లో కనిపిస్తే తీసి పక్కన పెడతారు. కొన్ని కంపెనీలు దిగేటప్పుడు తిరిగిస్తాయి, కొన్ని ఇవ్వవు. కనుక అపురూపమైనవి అసలు తీసుకెళ్లొద్దు.

ఇది మతం మీద పట్టింపు కాదు. ఓడకు నిప్పు అంటుకుంటే బయట నుంచి ఫైరింజన్ రాదు, మనుషులు పరిగెత్తి వెళ్లడానికి రోడ్డు ఉండదు. 2006 మార్చి 23న స్టార్ ప్రిన్సెస్ ఓడలో మంట మొదలైంది బాల్కనీలోనే. ఆర్పకుండా పారేసిన సిగరెట్ ముక్క కారణమై ఉండొచ్చని దర్యాప్తు తేల్చింది, ఒక ప్రయాణికుడు పొగకు చనిపోయాడు. బాల్కనీల్లో వాడే సామగ్రి, అక్కడి అగ్నిరక్షణ మీద అంతర్జాతీయ నిబంధనలు కఠినం కావడానికి ఆ ప్రమాదమే కారణం. "రెండు నిమిషాలు వెలిగించి ఆర్పేస్తాం" అన్న ఆలోచన వద్దు. సాంబ్రాణి పొగకు క్యాబిన్ డిటెక్టర్ మోగితే సిబ్బంది పరుగున వస్తారు. డిటెక్టర్ మీద టోపీ, కవరు కప్పడం ఇంకా పెద్ద తప్పు, దానికి మధ్యలో ఏదో ఒక రేవులో దింపేయొచ్చు.

బదులుగా బ్యాటరీతో వెలిగే ఎల్‌ఈడీ దీపాలు. గోడ ప్లగ్‌తో పనిచేసేవి వద్దు, పాత క్యాబిన్లలో ప్లగ్గులు ఒకటో రెండో ఉంటాయి, ఎక్స్‌టెన్షన్ బోర్డులను చాలా కంపెనీలు రానివ్వవు.

తెరచాప:
పూజ చేసుకునేవాళ్లకు దీపస్తంభం గారు రాసినదానికి కొనసాగింపు.

విగ్రహం కన్నా ఫ్రేములో పటం మేలు. అద్దం లేని ఫ్రేము అయితే ఇంకా మేలు. ఓడ ఊగినప్పుడు బల్ల అంచు నుంచి మొదట జారేవి ఇత్తడి సామాన్లే. కింద పరవడానికి జారని రబ్బరు జాలీ ముక్క ఒకటి చాలు, లేదంటే తడిపి పిండిన చేతిగుడ్డ. కుంకుమ, విభూతి, పసుపు బిగుతు మూత డబ్బాల్లో పెట్టి, పైన మీ పేరుతో చీటీ అంటించండి. మూటలో వదులుగా ఉన్న తెల్లపొడి కనిపిస్తే భద్రతా సిబ్బంది ఆపి అడుగుతారు, అది వాళ్ల పని. కుంకుమ కింద స్టీలు పళ్లెం తప్పనిసరి, తెల్ల దుప్పటి మీద పడితే పోదు.

పూలు, ఆకులు, పళ్ల విషయంలో పొరపాటు ఎక్కువ జరుగుతుంది. ఓడలో వాడుకోవచ్చేమో గానీ రేవులో దిగేటప్పుడు చేతిసంచిలో ఉండకూడదు. చాలా దేశాల్లో వ్యవసాయ తనిఖీ ఉంటుంది, నైవేద్యం పెట్టిన ఒక్క పండుకు కూడా జరిమానా పడొచ్చు. నైవేద్యానికి భోజనశాలలోని పండు తీసుకుని, అక్కడే ఓడలోనే తినేయండి.

నిర్మాల్యం సముద్రంలో వేయకండి. పువ్వే కదా అనిపిస్తుంది. కానీ ఓడ నుంచి ప్రయాణికులు ఏదీ విసరకూడదు. చెత్త సముద్రంలో వేయడం మీద మార్పోల్ (ఓడల వల్ల సముద్రం కలుషితం కాకుండా చేసుకున్న అంతర్జాతీయ ఒప్పందం) అయిదో అనుబంధం ఉంది, ప్లాస్టిక్ అయితే ఎక్కడా వేయకూడదు. పైగా బాల్కనీ నుంచి విసిరింది గాలికి తిరిగి కింది బాల్కనీలోకే వస్తుంది. కాగితంలో చుట్టి క్యాబిన్ సిబ్బందికి ఇస్తే చాలు.

చుక్కాని:
దిక్కు గురించి రాస్తాను, నమాజ్‌కు ఇదే అసలు కష్టం. తూర్పు ముఖంగా సంధ్యావందనం చేసేవాళ్లకూ ఇదే లెక్క.

మొదటి మాట: క్యాబిన్‌లో ఫోన్ కంపాస్‌ను నమ్మొద్దు. ఫోన్ కొలిచేది అయస్కాంత క్షేత్రాన్ని. చుట్టూ ఉక్కు గోడలు, పైన కింద ఉక్కు డెక్కులు, గోడల్లో కరెంటు తీగలు. మంచం దగ్గర ఒక దిక్కు, తలుపు దగ్గర ఇంకో దిక్కు చూపిస్తుంది. ఖిబ్లా (నమాజ్‌లో ముఖం పెట్టాల్సిన మక్కా కాబా దిక్కు) చూపే యాప్ బాణం కూడా ఆ కంపాస్ మీదే తిరుగుతుంది. అయితే అదే యాప్ రాసి చూపించే డిగ్రీల అంకె మాత్రం జీపీఎస్ నుంచి లెక్కకట్టింది కాబట్టి సరైనదే. బాణాన్ని వదిలేసి అంకెను తీసుకోండి.

రెండోది: ఓడ ఎటు పోతోంది? క్యాబిన్ టీవీలో మ్యాప్ ఛానల్ ఉంటుంది, అందులో కోర్సు అనో హెడింగ్ అనో డిగ్రీలు వేస్తారు. ఖిబ్లా అంకెలోంచి ఓడ అంకెను తీసేయండి. వచ్చినది ఓడ ముందుకొస నుంచి కుడివైపు తిరగాల్సిన కోణం. సున్నా కన్నా తక్కువ వస్తే 360 కలపండి.

ఉదాహరణకు బార్సిలోనా దగ్గరి సముద్రంలో ఖిబ్లా సుమారు 110 డిగ్రీలు. ఓడ 60 డిగ్రీల మీద పోతుంటే 110 లోంచి 60 పోగా 50, అంటే ముందుకొసకు కుడిగా 50 డిగ్రీలు. ఓడ 200 మీద పోతుంటే మైనస్ 90, 360 కలిపితే 270, అంటే ముందుకొసకు సరిగ్గా ఎడమవైపు.

మూడోది: క్యాబిన్‌లో ముందుకొస ఎటు? కిటికీ ఉంటే నీళ్లు ఎటు వెనక్కి పోతున్నాయో చూడండి, దానికి ఎదురు దిశ ముందు. లోపలి క్యాబిన్ అయితే తలుపు వెనుక అంటించిన అత్యవసర మార్గం బొమ్మ చూడండి. కొన్ని ఓడల నడవా తివాచీ మీద చేపల బొమ్మలు ముందుకొస వైపే ఈదుతుంటాయి. తెలిశాక గోడ మీద ఒక చిన్న కాగితం బాణం అంటించుకుంటే రోజూ వెతకక్కర్లేదు, ఆ పూట కోర్సు చూసి కోణం మార్చుకోవడమే.

నడిసముద్రంలో ఓడ గంటల తరబడి ఒకే కోర్సు మీద పోతుంది. తిరుగుళ్లన్నీ రేవు దగ్గర, ఇరుకు దారుల్లో, దీవుల మధ్య. అందుకని రేవు వదిలిన మొదటి గంటలో కాకుండా కాస్త ఆగితే మధ్యలో దిక్కు మారే ఇబ్బంది తక్కువ. లంగరు వేసి నిలిచిన ఓడ మాత్రం గాలికి, పోటుకు నెమ్మదిగా తిరుగుతూనే ఉంటుంది, ప్రతి పూటా చూసుకోవాలి.

ఉప్పుగాలి:
చుక్కాని గారి లెక్క సరైనది. ఒక్క మాట కలుపుతాను. డిగ్రీకి డిగ్రీ కుదరాలని కంగారు పడొద్దు, దూరంగా ఉన్నవారికి ఖిబ్లా వైపు ఉంటే చాలునని, అటు 45 ఇటు 45 డిగ్రీల లోపు తేడా ఉన్నా నమాజ్ చెల్లుతుందని ఎందరో పండితులు చెప్పారు. నమాజ్ మధ్యలో ఓడ తిరిగిందని తెలిస్తే, వీలైనంతవరకు మీరూ తిరగాలి. అలలు గట్టిగా ఉండి నిలబడితే పడిపోయేలా ఉంటే కూర్చుని చదవొచ్చు. ప్రయాణికులకు జొహర్ (మధ్యాహ్నం), అసర్ (సాయంత్రం), ఇషా (రాత్రి) నమాజుల్లోని నాలుగు రకాత్‌లు (నమాజ్‌లోని ఆవృత్తులు) రెండు అవుతాయి, ఫజర్ (తెల్లవారుజాము), మగ్రిబ్ (సూర్యాస్తమయం) మారవు. ప్రయాణికులకు జుమా (శుక్రవారం మధ్యాహ్నపు సామూహిక నమాజ్) తప్పనిసరి కాదు, దానికి బదులు జొహర్ చదువుకోవచ్చు.

నమాజ్ వేళలు యాప్‌లో తప్పే కారణం గడియారం. ఓడకు తన సొంత సమయం ఉంటుంది, ఫోన్ రేవు దగ్గర అక్కడి టవర్ పట్టుకుని తానే మారిపోతుంది. ఆటోమేటిక్ టైమ్ ఆపేసి ఓడ సమయం పెట్టుకోండి, యాప్‌లో ఊరి పేరు కాకుండా జీపీఎస్ వాడండి. వేసవిలో ఉత్తరానికి పోయే ఓడల్లో ఇంకో చిక్కు. సుమారు 48.5 డిగ్రీల అక్షాంశం దాటితే జూన్ చివర్లో సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీల కిందికి వెళ్లడు, కాబట్టి ఇషా, ఫజర్ వేళలు మామూలు లెక్కకు అందవు. ధ్రువవృత్తం దాటితే అస్తమయమే ఉండదు. ఏ పద్ధతి పాటించాలో ఎక్కేముందే మీ ఆలిమ్‌ను (మత పండితుణ్ని) అడిగి రాసిపెట్టుకోండి.

వుజూకు (నమాజ్‌కు ముందు ముఖం, కాళ్లుచేతులు కడుక్కోవడానికి) షవర్ హోస్ వాడండి. వాష్ బేసిన్‌లోకి కాలు ఎత్తడం ఊగే ఓడలో ప్రమాదం.

నావికమిత్ర:
కాథలిక్కులకు. హాలండ్ అమెరికా లైన్ తన ఓడల్లో ఫాదర్‌ను ఉంచే సంప్రదాయం చాలాకాలం పాటించిన కంపెనీ. మిగతావాటిలో పండుగలకు, పొడవాటి ప్రయాణాలకు మాత్రమే ఉండొచ్చు, బుక్ చేసేముందే ఆ తేదీల ప్రయాణం పేరు చెప్పి అడగండి. సాటి ప్రయాణికుల్లో ఫాదర్ ఉన్నా, ఆయన మాస్ చెప్పాలంటే తన బిషప్ లేదా సభ ఇచ్చిన గుర్తింపు పత్రం చూపించాల్సి రావచ్చు, అది వెంట ఉంచుకోవాలి.

ఫాదర్ లేకుంటే మాస్ ఉండదు, వాక్యారాధన మాత్రం చేసుకోవచ్చు. మాస్‌కు వెళ్లే వీలే లేనప్పుడు ఆదివారపు బాధ్యతను ఉల్లంఘించినట్టు కాదు. చర్చి చట్టం 1248వ నియమం రెండో భాగం ఇలాంటప్పుడు వాక్యారాధన గానీ, ప్రార్థనలో కొంతసేపు గడపడం గానీ చేయమంటుంది. శనివారం సాయంత్రం రేవులో మాస్ దొరికితే అదీ సరిపోతుంది.

మాస్ చెప్పే ఫాదర్లకు: మాస్‌లో పంచే అప్పం గోధుమదే కావాలి, గ్లూటెన్ పూర్తిగా తీసేసినది చెల్లదు, తక్కువ గ్లూటెన్‌ది చెల్లుతుంది. ద్రాక్షరసం పాత్ర పొట్టిగా, అడుగు వెడల్పుగా ఉన్నది తీసుకుని పావు వంతే నింపండి. థియేటర్‌లో పవిత్రపేటిక (మిగిలిన అప్పాలు భద్రపరిచేది) ఉండదు కాబట్టి అప్పాలు లెక్క తగ్గించి ప్రతిష్ఠించి, జనం ఎక్కువైతే విరిచి పంచడం నయం.

ఏడోడెక్కు:
గది విషయంలో ఇంకొకటి. అడిగే అవకాశం ఉంటే నడి ఓడలో, కింది డెక్కులో ఉన్న గది అడగండి. ఓడ ఊపు అక్కడే తక్కువ. థియేటర్ సాధారణంగా ముందుకొసలో ఉంటుంది, అలలు ఉన్న రోజు అక్కడ పెద్దవాళ్లు నిలబడలేరు. పక్క గదిలో బింగో, డాన్స్ క్లాస్ లేని సమయం చూసి అడగండి, ఓడలో గోడలు పలచన.

యూదుల సామూహిక ప్రార్థనకు మిన్యాన్, అంటే కనీసం 10 మంది పెద్దవాళ్లు కావాలి. కనుక ఎక్కిన రోజే గెస్ట్ సర్వీసెస్‌లో పేర్లు సేకరించే కాగితం పెట్టమనండి, శుక్రవారం మధ్యాహ్నం మొదలుపెడితే ఆలస్యం. షబ్బాత్‌కు (శుక్రవారం సాయంత్రం మొదలయ్యే విశ్రాంతి దినానికి) ఎలక్ట్రిక్ కొవ్వొత్తులు కొన్ని ఓడల్లో వాళ్లే ఇస్తారు. ఆ రోజు కరెంటు పరికరాలు వాడనివారికి ఎలక్ట్రానిక్ కార్డు తాళం, లిఫ్టు పెద్ద ఇబ్బందులు. మెట్లకు దగ్గరగా కింది డెక్కులో క్యాబిన్ తీసుకుంటే సగం తీరుతుంది, తాళం గురించి మీ రబ్బీతో ముందే మాట్లాడండి. పసిఫిక్‌ను పడమర వైపుగా దాటే ఓడల్లో తేదీ రేఖ దగ్గర ఒక రోజు పోతుంది, ఎదురు దిశలో అదే రోజు రెండుసార్లు వస్తుంది. శుక్ర, శని, ఆదివారాలు అక్కడ పడితే ఎక్కేముందే తేల్చుకోవాలి.

లంగరు:
అస్థికలు సముద్రంలో కలపడం ఓడలో కుదురుతుందా?

దీపస్తంభం:
కుదురుతుంది, కానీ చెప్పకుండా కాదు. ముందే కంపెనీకి రాయాలి. మరణ ధృవపత్రం, దహన ధృవపత్రం వెంట ఉండాలి, పాత్ర నీటిలో కరిగేదై ఉండాలి. అమెరికా నిబంధన ప్రకారం తీరానికి కనీసం 3 నాటికల్ మైళ్ల దూరంలో చేసి, 30 రోజుల్లోగా పర్యావరణ సంస్థకు తెలపాలి. పూలు సరే, ప్లాస్టిక్ దండ, దారం, రిబ్బను కుదరవు. ఓడ అధికారి ఒకరు దగ్గరుండి, గాలి తగలని కింది డెక్కు వెనుక భాగం నుంచి చేయిస్తారు. పొడిగా పైనుంచి వదిలితే గాలికి ముఖం మీదికే వస్తుంది, ఆ దుఃఖంలో అది భరించలేని దృశ్యం. అందుకే కరిగే పాత్రతో పాటే దించాలి.

నావికమిత్ర:
ఓడ సిబ్బందిని మరవొద్దు. వాళ్ల మాస్, వాళ్ల నమాజ్ ప్రయాణికులు పడుకున్నాక, రాత్రి పొద్దుపోయాక. రేవుల్లో వాళ్లను కలవడానికి స్టెల్లా మారిస్, 1856లో మొదలైన మిషన్ టు సీఫేరర్స్ వంటి సంస్థల చాప్లిన్‌లు (మత సేవకులు) వస్తారు. ఓడ మీదికి మతగ్రంథాలు తెస్తే, దిగేటప్పుడు సిబ్బందికి ఉంచమని అడిగి ఇవ్వొచ్చు, వాళ్ల భాష తెలుసుకుని ఇవ్వండి.

తెరచాప:
ఎక్కే రోజు జాగ్రత్త ఒకటి. పెద్ద పెట్టెలు క్యాబిన్‌కు సాయంత్రం దాకా రావు. ఎల్‌ఈడీ దీపం, జానమాజ్ (నమాజ్ చాప), జపమాల, ప్రార్థన పుస్తకం, పటం చేతిసంచిలోనే పెట్టుకోండి. మొదటి సంధ్యావేళ పెట్టె కోసం ఎదురుచూస్తూ గడిచిపోకూడదు.