జపనీస్ వాక్యం తెలుగువారి మనసులో ఎలా సాగుతుంది?

గచ్చిబౌలి_అభ్యాసి:

నమస్కారం. నేను గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. మా క్లయింట్లు జపాన్‌వారు కాబట్టి జపనీస్ మొదలుపెట్టి, ప్రస్తుతం జేఎల్‌పీటీ (జపనీస్ భాషా నైపుణ్య పరీక్ష)లో మధ్యస్థాయి అయిన ఎన్3 పరీక్షకు తయారవుతున్నాను. తరగతి మొత్తం ఇంగ్లీషులోనే జరుగుతుంది. చదవడం ఎలాగో నెట్టుకొస్తున్నాను గాని, కాల్‌లో క్లయింటు కాస్త పొడవైన వాక్యం మాట్లాడితే, చివరి క్రియ వినబడేసరికి మొదటి సగం మనసులోంచి జారిపోతోంది. క్రియ చివర రావడం తెలుగువాడికి కొత్తేమీ కాదు గదా, మరి ఈ తడబాటు ఎందుకు? జపనీయులు క్రియ వచ్చేదాకా అర్థం చేసుకోకుండా వేచి ఉంటారా? అలాగే, కాంజీని, అంటే చైనా నుండి వచ్చిన జపనీస్ లిపి అక్షరాలను, వారు కుడి మెదడుతో బొమ్మల్లాగా చదువుతారని, పెద్దయ్యాక మొదలుపెట్టినవారికి అది పట్టుబడదని మా సహోద్యోగి ఒకరు గట్టిగా చెబుతున్నారు. తెలిసినవారు వివరించగలరు.

తార్నాక_బోధిని:

నేను జపనీస్ బోధిస్తాను. మీ తడబాటు చాలావరకు మధ్యలో ఇంగ్లీషును నిలబెట్టుకోవడం వల్ల వస్తున్నదని నా అభిప్రాయం. 'కినో వతాషి గ కత్తా హోన్' అన్న పదబంధాన్ని తీసుకోండి. తెలుగులో అది 'నిన్న నేను కొన్న పుస్తకం'; ఒక్క మాట కూడా చోటు మారలేదు. దానినే ఇంగ్లీషులోకి మార్చుకుంటూ వింటే, చివర ఉన్న పుస్తకాన్ని ముందుకు తెచ్చి, ముందున్నదంతా వెనక్కి తిప్పాలి. ఆ తిప్పుడు పూర్తయ్యేలోగా అవతలివారు మరో వాక్యంలో ఉంటారు. జారిపోతున్నది మీ జ్ఞాపకశక్తి లోపం వల్ల కాదు.

పోలిక అక్కడితో ఆగదు. 'తబెతె మిరు' అంటే 'తిని చూడడం'. అక్కడ కూడా 'చూచు' అన్న క్రియే 'ప్రయత్నించు' అన్న అర్థంలో సహాయక్రియగా వస్తుంది. మన 'అని' చేసే పనిని అక్కడ 'తో' చేస్తుంది, అది కూడా చెప్పిన మాట తర్వాతనే వస్తుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి జపనీస్‌లో పని చేయగల నైపుణ్యం రావడానికి సుమారు 2200 తరగతి గంటలు పడుతుందని అమెరికా దౌత్యవేత్తలకు భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ అంచనా వేస్తుంది. హైదరాబాదులో ఏ కోచింగ్ సెంటరుకు వెళ్ళినా ఆ అంకెను చెప్పి మన పిల్లలను బెదరగొడతారు. వ్యాకరణం వరకు ఆ లెక్క మనది కాదు. అక్షరాల విషయంలో మాత్రం మనం కూడా ఆ కష్టాన్ని పడవలసిందే.

అయితే తెలుగు మోసం చేసే చోట్లు ఉన్నాయి. మన క్రియలో 'వెళ్ళాను', 'వెళ్ళారు' అని కర్త కనబడుతుంది, కాబట్టి కర్తను వదిలేసినా శ్రోతకు నష్టం లేదు. జపనీస్ క్రియ ఎవరికైనా ఒకేలా ఉంటుంది, అయినా కర్తను వదిలేస్తారు. ఆ లోటును శ్రోత ఇతర ఆనవాళ్ళతో పూడ్చుకుంటాడు. ఇవ్వడానికి 'అగెరు', 'కురెరు' అని రెండు క్రియలున్నాయి. మొదటిది నా వైపు నుండి బయటికి, రెండవది నా వైపుకు. 'కురెరు' వినగానే, ఎవరి పేరూ పలకకపోయినా, పుచ్చుకున్నది మాట్లాడేవాడో అతని మనిషో అని తెలిసిపోతుంది. గౌరవ రూపాలు కూడా ఇదే పని చేస్తాయి. కాల్‌లో మీకు నిజంగా జారిపోతున్నది బహుశా కర్త అయి ఉంటుంది, ఒకసారి గమనించి చూడండి. ఇక 'వ' (మాట దేని గురించో చూపేది), 'గ' (కర్తను చూపేది) ప్రత్యయాల తేడాకు తెలుగులో సరైన జోడీ లేదు. 'అయితే', 'మాత్రం' కొంత దూరం తోడు వస్తాయి, తర్వాత వాటిని వదిలేయాలి.

మాత్రాగణం:

బోధిని గారు చెప్పినదానికి మనసు భాషను ఎలా గ్రహిస్తుందో పరిశీలించే మనోభాషాశాస్త్రం వైపు నుండి కొంత చేరుస్తాను. జపనీయులు క్రియ కోసం వేచి ఉంటారా అన్న మీ ప్రశ్న మీద నేరుగా ప్రయోగాలు జరిగాయి. కామిదే యుకి, ఆల్ట్‌మన్, హేవుడ్ 2003లో ప్రచురించిన అధ్యయనంలో జపనీస్ శ్రోతలకు ఒక చిత్రం చూపి, వాక్యం వినిపిస్తూ, వారి కళ్ళు ఎటు కదులుతున్నాయో కొలిచారు. చిత్రంలో వెయిట్రెస్, కస్టమర్, హాంబర్గర్ ఉన్నాయి. 'వెయిట్రెస్ గ, కస్టమర్ ని' అని వినబడినప్పుడు, అంటే కస్టమర్‌కు మన 'కు' వంటి ప్రత్యయం తగిలినప్పుడు, హాంబర్గర్ అన్న మాట ఇంకా రాకముందే చూపు దానివైపు ఎక్కువగా మళ్ళింది. కస్టమర్‌కు ద్వితీయా విభక్తి అయిన 'ఒ' తగిలినప్పుడు చూపు అంతగా మళ్ళలేదు. అప్పటికి క్రియ వినబడనే లేదు. ఒకరు ఒకరికి అన్నాక ఏదో ఒక వస్తువు చేతులు మారబోతున్నదని మనసు విభక్తి ఆధారంగానే ఊహించేసింది.

కాబట్టి క్రియాంత భాషలు మాట్లాడేవారు అర్థాన్ని వాయిదా వేయరు, విభక్తి వినబడినప్పుడల్లా వాక్యాన్ని కొంత కట్టుకుంటూ పోతారు. తెలుగులో 'అమ్మ పాపకు' అనగానే మీరు చేస్తున్నదీ ఇదే, చేస్తున్నట్లు మీకు తెలియదు, అంతే. జపనీస్ విభక్తులు మీకు ఇంకా అంత వేగంగా వినబడడం లేదు. దీనికి సాధన ఉంది. ఆడియోను క్రియకు ముందు ఆపి, రాబోయే క్రియను పైకి చెప్పి, ఆ తర్వాత విని సరిచూసుకోండి. కేవలం ఎక్కువ గంటలు వినడం కంటే ఇది మేలు.

చెవి విషయంలో మన అదృష్టం ఇంకొకటి ఉంది. జపనీయులు మాటను మాత్రలుగా విభజించి వింటారని ఓతాకె, కట్లర్ తదితరులు 1993లో చూపించారు. 'నిప్పొన్' (జపాన్) వారికి నాలుగు మాత్రలు: ని, ప్, పొ, న్. మన ఛందస్సులోనూ రెండు గురువులు, నాలుగు మాత్రలే. హైకూలోని 5-7-5 ఈ మాత్రల లెక్కే. తేడా ఒకచోట వస్తుంది: దీర్ఘం మీద పొల్లు చేరినా మనకు గురువు రెండు మాత్రలే, వారు మాత్రం 'రోన్' అన్న మాటను మూడుగా లెక్కిస్తారు. 'కితె', 'కిత్తె' మధ్య తేడా వినబడక ఇంగ్లీషువారు అవస్థ పడతారు. ద్విత్వం, దీర్ఘం పుట్టుకతో వచ్చిన మనకు అది సమస్యే కాదు. మనకు కష్టమైనది స్వరం ఎత్తుపల్లాలు: 'హషి' అన్న మాటకు స్వరం దిగే చోటును బట్టి చాప్‌స్టిక్స్ అనో వంతెన అనో అర్థం మారుతుంది, తెలుగులో అలాంటి భేదం లేదు.

శబ్దాల ఎంపిక ఎంత తొందరగా జరుగుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. 6 నుండి 8 నెలల జపనీస్ శిశువులు ఇంగ్లీషు ర, ల శబ్దాల తేడాను అమెరికన్ శిశువులంత బాగానే పసిగడతారు. 10 నుండి 12 నెలలు వచ్చేసరికి ఆ శక్తి తగ్గుతుంది, అమెరికన్ శిశువులలో అది పెరుగుతుంది. పట్రీషియా కూల్ బృందం 2006లో ప్రచురించిన ఫలితమిది.

పాతబస్తీ_శ్రోత:

మా ఇంటి భాష దక్కనీ, బడి భాష తెలుగు. బోధిని గారు చెప్పిన 'అని' పనిని మేము 'బోల్‌కే'తో చేస్తాము, 'ఆతూఁ బోల్‌కే బోలా' (వస్తానని అన్నాడు) అంటాము, కాబట్టి జపనీస్ 'తో' నాకు ఒక్క రోజు కూడా కొత్తగా అనిపించలేదు. మరొక దగ్గరి దారి అనుకరణ పదాలు. గలగల, మిలమిల, జిడ్డుజిడ్డు వంటివి జపనీస్‌లో వేలకొద్దీ ఉన్నాయి, పెద్దవాళ్ళు ఆఫీసులో కూడా వాడతారు. ఇమాయి ముత్సుమి, కితా సోతారో తదితరులు 2008లో చేసిన అధ్యయనంలో, శబ్దం చర్యకు తగినట్లుగా ఉన్న కొత్త క్రియలను మూడేళ్ళ పిల్లలు మరొక మనిషి అదే పని చేసినప్పుడు కూడా సరిగ్గా గుర్తించారు. శబ్దానికి, చర్యకు పొంతన లేని క్రియల దగ్గర తడబడ్డారు. తరగతుల్లో ఈ పదాలను చివరికి నెట్టేస్తారు, నాకు అది తప్పనిపిస్తుంది.

గచ్చిబౌలి_అభ్యాసి:

అందరికీ కృతజ్ఞతలు. నిన్నటి కాల్‌లో గమనించాను, నేను పోగొట్టుకుంటున్నది నిజంగా కర్తనే. కాంజీ సంగతి కూడా ఎవరైనా చెబితే సంతోషిస్తాను.

మాత్రాగణం:

కుడి మెదడు మాట పాతది, నిలబడలేదు. కాంజీని గాని, ఉచ్చారణను రాసే జపనీస్ అక్షరాలైన కానాను గాని చదవడంలో ప్రధాన పాత్ర ఎడమ మెదడుదే. అయితే రెండింటి దారులు పూర్తిగా ఒకటి కావు. మెదడులో ఎడమ కణత వైపు ఉండే టెంపోరల్ లోబ్ కింది వెనుక భాగం దెబ్బతిన్న కొందరు రోగులు కానాను చదవగలిగి, కాంజీని చదవడంలోను, రాయడంలోను తీవ్రంగా ఇబ్బంది పడ్డారు. ఇవాతా మకోతో 1980లలో ఇటువంటి కేసుల ఆధారంగానే రెండు దారుల నమూనాను ప్రతిపాదించారు. కీచురాళ్ళ శబ్దాన్ని జపనీయులు ఎడమ మెదడుతో వింటారన్న త్సునోదా తదనోబు వాదన కూడా మీ సహోద్యోగి చెవిన పడే ఉంటుంది. అది పత్రికలకు నచ్చినంతగా ఇతర పరిశోధకులకు నచ్చలేదు.

పట్టుబడదన్న మాటకు వస్తే, జపనీస్ పిల్లలకు కూడా అది ఊరికే పట్టుబడదు. ప్రాథమిక పాఠశాల ఆరేళ్ళలో 1026 కాంజీ, ఆ పైన చదువుతో కలిపి నిత్యవ్యవహారానికి 2136 నేర్పుతారు, అందులో ఎక్కువ భాగం చేతితో మళ్ళీ మళ్ళీ రాయించడమే. ఆ సాధన ఫలితంగా కాంజీ గుర్తుకు రానప్పుడు జపనీయులు గాలిలోనో, అరచేతి మీదనో వేలితో గీస్తారు. దీనికి 'కూషో' అని పేరు. ససాకి మసాతో, వతనబె అకిరా 1983లో చూపినట్లుగా, విడివిడిగా ఇచ్చిన భాగాలను మనసులో కలిపి ఒక కాంజీని కనుక్కోమన్నప్పుడు, వేలు కదపనిచ్చినవారు బాగా చేశారు. అంటే వారి జ్ఞాపకంలో కాంజీ ఒక కదలికగా కూడా ఉంది. మీరు ఫోన్ యాప్‌లో కార్డులు తిప్పుతూ గుర్తుపట్టడం ఒక్కటే సాధన చేస్తున్నట్లయితే, రోజుకు కొన్నింటినైనా గీతల వరుస తప్పకుండా కాగితం మీద రాయండి. ఎన్3 పరీక్షలో రాత ప్రశ్నలు లేవు గదా అని చాలామంది ఈ పని మానేస్తారు, ఆకారాలు దగ్గరగా ఉన్న కాంజీ ఎదురైనప్పుడు అక్కడే చిక్కుకుంటారు.