డైనాస్టీకి ‘వారసత్వం’ సరిపోతుందా?

ప్రశ్న: ఫిలిప్పీన్స్ 1987 రాజ్యాంగం, రెండో అధికరణంలో 26వ సెక్షన్ తెలుగు చేస్తున్నాను. పొలిటికల్ డైనాస్టీలను నిషేధించాలని ఉంది అందులో. ‘రాజకీయ వారసత్వం’ అని రాసేశాను గానీ ఎక్కడో తేడా కొడుతోంది. ‘రాజవంశం’ అంటే కిరీటాలు కనిపిస్తున్నాయి. ఏం రాయమంటారు?

జవాబు: తేడా ఉందండీ. వారసత్వం అంటే ఒకరి తర్వాత ఒకరు. భర్త గవర్నరు, భార్య కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యురాలు, తమ్ముడు మేయరు, అందరూ ఒకేసారి కుర్చీల్లో ఉంటే దాన్ని వారసత్వం అనలేం కదా. ఒకరి తర్వాత ఒకరు వస్తే ‘సన్న’ డైనాస్టీ, ఒకేసారి ఉంటే ‘లావు’ డైనాస్టీ అంటారు అక్కడ. మీ మాట సన్నదానికే. అదీ పూర్తిగా కాదు. కాంగ్రెస్ దిగువ సభలో వరసగా మూడు సార్లకు మించి ఉండకూడదని నియమం. మూడూ అయ్యాక భార్యను నిలబెట్టి, తర్వాత తానే తిరిగొస్తే అది వారసత్వమా, కుర్చీకి కాపలానా? ‘కుటుంబ పెత్తనం’ అనండి.

ఇంకో జవాబు: పెత్తనంలో తిట్టు ఉంది, రాజ్యాంగం తిట్టదు. ‘కుటుంబ పాలన’ చాలు. నా అనుమానం ఆ వాక్యం తోక మీద. దాన్నెలా రాశారు?

ప్రశ్న అడిగినవారు: ‘చట్టం నిర్వచించిన విధంగా’ అని.

జవాబు: అదే పొరపాటు. ‘నిర్వచించిన’ అంటే చట్టం అప్పటికే ఉన్నట్టు. ‘నిర్వచించే’ అనాలి. ఆ సెక్షన్ కథంతా ఆ ఒక్క ప్రత్యయంలోనే ఉంది. డైనాస్టీ అంటే ఏమిటో చెప్పే పని కాంగ్రెస్‌కి వదిలారు. కాంగ్రెస్ నిండా ఆ కుటుంబాలవాళ్లే. పిల్లి మెడలో గంట కట్టమని పిల్లికే చెప్పినట్టు! బిల్లులు పుడతాయి, కమిటీల్లో నిద్రపోతాయి. చట్టం లేకుండా ఆ సెక్షన్ తనంతట తాను అమలు కాదని సుప్రీంకోర్టూ చెప్పింది. యువజన మండళ్ల వరకు మాత్రం 2016లో సంతకమైన చట్టం ఒకటి పదవిలో ఉన్నవాళ్ల రెండో డిగ్రీ లోపు బంధువులను పోటీకి అనర్హులను చేసింది.

ప్రశ్న అడిగినవారు: డిగ్రీకి ‘తరం’ అనవచ్చా?

జవాబు: వద్దు, ‘మెట్టు’ అనండి. అన్నదమ్ములది ఒకే తరం, కానీ లెక్కలో రెండు మెట్లు: తండ్రి దాకా ఒకటి ఎక్కి, తమ్ముడి దాకా ఒకటి దిగాలి. పెదనాన్న కొడుకు నాలుగో మెట్టు. పెళ్లి బంధుత్వం కూడా లెక్కే కాబట్టి రెండుతో ఆపితే బావమరిది దొరుకుతాడు, పెదనాన్న కొడుకు తప్పించుకుంటాడు. బిల్లుల దగ్గర పేచీ అంతా రెండా, నాలుగా అనే.

ఇంకో జవాబు: వియ్యంకుడు ఏ మెట్టూ కాదు, గమనించారా? అందుకే ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి చట్టంలో (1989) బంధువులెవరో చెబుతూ, ఇంగ్లిష్ వాక్యం మధ్యలో బిలాస్, ఇన్సో, బలాయె అని ఫిలిపినో మాటలే పెట్టేశారు. ఇంగ్లిష్‌లో వాటికి సరైన మాట లేదు మరి. మనకా ఇబ్బంది లేదు. తోడల్లుడు, వదిన, వియ్యంకుడు అని రాసేయండి. తోడికోడలు కూడా బిలాసే, మరిచిపోకండి.