కాటా పవర్ సప్లై బోర్డులో ఆరు కాళ్ళ చిప్ పగిలింది, పైన "63" మాత్రమే కనిపిస్తోంది. ఏ ఐసీ?

గుంటూరు_కాటా_రిపేర్:

మిర్చి యార్డులో వాడే ఎలక్ట్రానిక్ కాటా. 230 వోల్టుల నుంచి 9 వోల్టులు, 1 ఆంపియర్ ఇచ్చే బోర్డు లోపలే ఉంది. ఫ్యూజు పోయింది. 2ఎన్60 మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) మూడు కాళ్ళూ ఒకదానికొకటి షార్ట్. తెలియనివి ఇవీ:

ఆరు కాళ్ళ చిన్న చిప్. మధ్యలో పగిలింది. మొదట "63" కనిపిస్తోంది, తర్వాతి అక్షరాలు పోయాయి.

దాని చివరి కాలు దగ్గర చిన్న రెసిస్టర్, పైన "ఎక్స్89". మీటర్లో ఓపెన్. ఏ చార్టులోనూ ఈ కోడ్ లేదు.

మాస్‌ఫెట్ సోర్సు దగ్గర కొంచెం పెద్ద రెసిస్టర్, నల్లగా మాడింది. "1ఆర్" వరకే చదవగలుగుతున్నాం.

సెకండరీ వైపు, అంటే ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత 9 వోల్టుల వైపు, మూడు కాళ్ళవి మూడు: "జె3వై", "2టివై", "662కె".

విజయవాడ గవర్నర్‌పేట షాపుల్లో అడిగితే పైన కోడ్ చెబితే కుదరదు, పార్ట్ నంబర్ చెప్పమంటున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి.

కృష్ణలంక_సర్క్యూట్:

ముందు "ఎక్స్89" సంగతి తేల్చుకుందాం. బోర్డు తిప్పి చూడండి అన్నా. అది "68ఎక్స్". 6 తిరగేస్తే 9 అవుతుంది, 8, ఎక్స్ ఎటు తిప్పినా అవే. అందుకే చార్టులో దొరకలేదు.

ఒక శాతం రెసిస్టర్లలో చిన్న సైజు వాటికి రెండు అంకెలు, ఒక అక్షరం వేస్తారు. ఆ అంకెలు విలువ కావు, 96 విలువల పట్టికలో వరుస సంఖ్య. 01 అంటే 100, 18 అంటే 150, 68 అంటే 499. అక్షరం గుణకం: ఎక్స్ అయితే 0.1, ఎ అయితే 1, బి అయితే 10, సి అయితే 100, డి అయితే 1000. కాబట్టి 68ఎక్స్ అంటే 49.9 ఓమ్‌లు. 01సి అంటే 10 కిలో ఓమ్‌లు. దీన్ని మామూలు మూడంకెల కోడ్‌తో కలిపేసుకుంటే మొత్తం తప్పుతుంది. అక్కడ 103 అంటే 10 పక్కన మూడు సున్నాలు, అదీ 10 కిలో ఓమ్‌లే.

అది చిప్‌కీ మాస్‌ఫెట్ గేటుకీ మధ్య ఉండే గేటు రెసిస్టర్, దానికి ఆ విలువ సరిగ్గా సరిపోతుంది. 47 గానీ 51 గానీ వేయండి, అదే సైజులో. మాస్‌ఫెట్ షార్ట్ అయినప్పుడు హై వోల్టేజి గేటు గుండా చిప్‌లోకి వెళ్తుంది. దారిలో ఇది తెగింది, చిప్ పగిలింది.

పాత_బోర్డులు:

చిప్ విషయం. "63"తో మొదలయ్యే ఆరు కాళ్ళది ఓబీ2263 అయ్యే అవకాశం బాగా ఉంది. తర్వాతి అక్షరాలు తయారీ కాలం, లాటు. వాటిని పార్ట్ నంబర్‌గా వెతికితే ఏమీ రాదు. అయినా రెండు అంకెలు చూసి కొనేయకండి, కాళ్ళు ఎక్కడికి వెళ్తున్నాయో చూస్తే అరగంటలో తేలుతుంది.

ముందు పెద్ద కెపాసిటర్ ఖాళీ చేయండి. ఫ్యూజు పోయినా దానిలో 300 వోల్టులకు పైన నిలిచి ఉండొచ్చు. 10 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌ని ఐదు సెకన్లు పట్టించి, మీటరుతో సున్నా చూసుకున్నాకే చేయి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయొద్దు.

అక్షరాలు తిన్నగా చదవగలిగేలా పట్టుకుంటే ఎడమవైపు కింది కాలు ఒకటి. అక్కడి నుంచి గడియారానికి ఎదురు దిశలో లెక్క. ఓబీ2263 అయితే ఇలా ఉండాలి: 1 గ్రౌండ్. 2 ఆప్టోకప్లర్‌కి (వెలుతురుతో సంకేతం దాటించే చిప్). 3 నుంచి గ్రౌండ్‌కి ఒక రెసిస్టర్, సాధారణంగా 100 కిలో ఓమ్‌ల దగ్గర, అది ఫ్రీక్వెన్సీ కోసం. 4 చిన్న రెసిస్టర్ ద్వారా సోర్సు దగ్గరి మాడిన రెసిస్టర్‌కి. 5 చిన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ప్లస్‌కి, ట్రాన్స్‌ఫార్మర్ సహాయక చుట్ట డయోడ్‌కి. 6 గేటు రెసిస్టర్‌కి. ఆరూ కలిస్తే నమ్మొచ్చు. ఎస్‌జీ6848, ఎల్‌డీ7535 కాళ్ళ వరుస కూడా ఇదే. షాపులో ఒకటి లేకపోతే ఇంకోటి అడగండి. మూడో కాలు దేనికీ కలవకుండా ఉంటే మాత్రం ఆగండి, అది వేరే కుటుంబం.

అక్షరాలు చదవడానికి: ఎదురుగా లైటు వేస్తే లేజర్ గీత కనిపించదు. టార్చి పక్క నుంచి, బోర్డుకి దాదాపు ఆనించి పట్టి, ఫోన్ కెమెరా జూమ్ చేయండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దూదిని ఒత్తితే చాలు, రుద్దితే ఉన్న గీత కూడా పోతుంది. సుద్దపొడి పల్చగా పూసి వేలితో తుడిస్తే గీతల్లో తెల్లగా నిలుస్తుంది. ఇంకొకటి, యార్డు బోర్డుల మీద మిర్చి దుమ్ము ఉంటుంది. హాట్ ఎయిర్ పెట్టేముందు బ్రష్‌తో బయట దులపండి. వేడికి లేస్తే కళ్ళూ ముక్కూ మండిపోతాయి.

బ్రాడీపేట_మల్టీమీటర్:

మూడు కాళ్ళ వాటి గురించి. జె3వై అంటే ఎస్8050, ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్. 2టివై అంటే దాని జోడీ ఎస్8550, పీఎన్‌పీ. మామూలుగా పైన ఒంటరిగా ఉన్న కాలు కలెక్టర్, కింది రెండిట్లో ఎడమది బేస్, కుడిది ఎమిటర్. డయోడ్ మోడ్‌లో ఎర్ర ప్రోబ్ బేస్ మీద పెట్టి నల్లది మిగతా రెండిటి మీదా పెడితే 0.6, 0.7 మధ్య వస్తే ఎన్‌పీఎన్, బాగానే ఉంది. నల్లది బేస్ మీద ఉన్నప్పుడు అలా వస్తే పీఎన్‌పీ. బీసీ817, బీసీ807 వేయొచ్చు, అదే కాళ్ళ వరుస.

662కె ట్రాన్సిస్టర్ కాదు. 3.3 వోల్టుల రెగ్యులేటర్, ఎక్స్‌సీ6206. చూడ్డానికి ట్రాన్సిస్టర్‌లాగే ఉంటుంది కనుక డయోడ్ మోడ్‌లో పెట్టి అర్థం కాని రీడింగ్ చూసి పోయిందని పీకేస్తారు. ఎడమది గ్రౌండ్, కుడిది అవుట్‌పుట్, పైన ఒంటరిది ఇన్‌పుట్. దీనికి 6 వోల్టులకు మించి ఇవ్వకూడదు. 9 వోల్టుల లైను నేరుగా దీనికి రాదు, మధ్యలో ఇంకో రెగ్యులేటర్ ఉంటుంది, అదీ చూడండి.

కోడ్ చార్టులు చూసేవాళ్ళకి ఒక హెచ్చరిక. "1ఎ" అంటే ఒక కంపెనీలో ఎమ్ఎమ్‌బీటీ3904, ఇంకో దాన్లో బీసీ846ఎ. మొదటిది 40 వోల్టులది, రెండోది 65 వోల్టులది. ఎన్‌ఎక్స్‌పీ కంపెనీ వాటి చివర వచ్చే పి, టి, డబ్ల్యూ తయారైన చోటు గుర్తు మాత్రమే. "ఎ7పి", "ఎ7డబ్ల్యూ" రెండూ బీఏవీ99 డయోడ్‌లే.

గుంటూరు_కాటా_రిపేర్:

తిప్పి చూస్తే 68ఎక్సే, థాంక్సండీ. ఆరు కాళ్ళూ చెప్పినట్టే కలిశాయి, మూడో కాలు దగ్గర "104" ఉంది. 5వ కాలు కెపాసిటర్ కూడా ఉబ్బింది. జె3వై, 2టివై రెండూ బాగున్నాయి. మిగిలింది ఆ మాడిన "1ఆర్" ఒకటే. 1.2 వేయాలా, 1.5 వేయాలా, 1.8 వేయాలా?

పాత_బోర్డులు:

104 అంటే 100 కిలో ఓమ్‌లు, సరిపోయింది.

మాడిన దానిలో "ఆర్" దశాంశ బిందువు. 1ఆర్5 అంటే ఒకటిన్నర. ఆర్ గమనించక 15 వేస్తే సప్లై లేచి పడిపోతుంది. తక్కువ వేస్తే మాస్‌ఫెట్‌లో కరెంటు హద్దు దాటుతుంది, కొత్తదీ పేలుతుంది. కాబట్టి పైనుంచి కిందికి రండి. 2.2 ఓమ్‌లు, ఒక వాట్ కాళ్ళ రెసిస్టర్ ఒకటి తాత్కాలికంగా అంటించండి. 60 వాట్ల ఫిలమెంట్ బల్బు కరెంటు లైనుకి సిరీస్‌లో పెట్టి ఆన్ చేయండి. బల్బు ఒక్కసారి వెలిగి ఆరిపోవాలి. వెలుగుతూనే ఉంటే ఇంకా షార్ట్ ఉంది. లోడు లేకుండా 9 వోల్టులు నిలబడ్డాక బల్బు తీసేసి 9 ఓమ్‌లు, 20 వాట్ల లోడు పెట్టండి, 1 ఆంపియర్ లాగుతుంది. వోల్టేజి పడిపోయి మళ్ళీ లేస్తుంటే 1.8కి, అప్పటికీ కాకపోతే 1.5కి. నిలబడిన చోట ఆగండి.

5వ కాలు మీద వోల్టేజి సుమారు 9కీ 15కీ మధ్య ఊగుతుంటే చిప్ మొదలై ఆగిపోతోందని అర్థం. లోడు లేకపోయినా ఊగితే సెన్స్ రెసిస్టర్‌ని (సోర్సు దగ్గర మాడినది) అనుమానించకండి, ఆ ఉబ్బిన కెపాసిటర్ మార్చారా, సహాయక చుట్ట డయోడ్ ఓపెన్ కాలేదా చూడండి.

మాస్‌ఫెట్ 2ఎన్60 దొరక్కపోతే 4ఎన్60 వేయొచ్చు, 4 ఆంపియర్లు, 600 వోల్టులు. షాపులో 60 అని గట్టిగా చెప్పండి, 4ఎన్35 అంటే ఆప్టోకప్లర్ వస్తుంది.