డిజైర్‌లో వీడియో ఆడే స్టీరియో పెట్టిద్దామని, ఏది బెటరండి?

అమలాపురం_డిజైర్:
అందరికీ నమస్కారమండి. మాది 2013 డిజైర్ బేస్ మోడల్, స్టీరియో లేకుండా వచ్చింది, బయట వేయించిన సింగిల్ డిన్ (సన్నగా ఉండే పాత సైజు) సెట్టుతోనే ఇన్నాళ్ళూ లాగించాం, ఇప్పుడది ఒక పక్క స్పీకర్లే మోగిస్తంది. సెలవులొస్తే చించినాడ బ్రిడ్జి మీదుగా భీమవరం అత్తగారింటికి, లేదంటే హైదరాబాదు, వెనకాల పిల్లలిద్దరూ ఫోన్ కోసం జుట్లు పట్టుకుంటున్నారు. అందుకే వీడియో ఆడేది చూస్తున్నా. షాపాయనేమో 9 అంగుళాల ఆండ్రాయిడ్ అంటాడు, మా బావమరిదేమో 7 అంగుళాల బ్రాండెడ్ తీసుకో బావా అంటాడు. బడ్జెట్ పదిహేను వేలు. పెన్‌డ్రైవ్‌లో సినిమాలు ఆడితే చాలు మాకు.

పాలకొల్లు_ఆడియో:
సైజు గొడవ తర్వాత చూద్దారండి, ముందు మీ దగ్గరున్న సినిమాలు ఏ ఫైళ్ళో చూసుకోండి. ఇప్పుడు డౌన్‌లోడ్ అయ్యేవాటిలో చాలా హెచ్.265 అనే పద్ధతిలో కుదించి ఉంటాయి, పాత సెట్లు, చవక సెట్లు చాలావాటికి అది ఎక్కదు, హెచ్.264 ఎంపీ4 అయితే దాదాపు అన్నిట్లో ఆడతది. ఇంకోటి, బొమ్మ వచ్చి సౌండ్ రాకపోతే స్పీకర్లు పోయాయనుకోకండి, ఫైల్లో ఆడియో డీటీఎస్ అనే రకంలో ఉంటే అలాగే అవుద్ది. పెన్‌డ్రైవ్ కూడా 64 జీబీ కొంటే ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో వస్తది, కొన్ని సెట్లు అసలు గుర్తే పట్టవు, 32 జీబీది ఫ్యాట్32 ఫార్మాట్‌లో పెట్టుకోండి, కాకపోతే ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. అన్నిటికన్నా తేలికేంటంటే మీ పెన్‌డ్రైవ్ పట్టుకెళ్ళి షాపులోనే ఆడించి చూడండి, కేటలాగు చదవక్కర్లేదు.

డబ్బా మీద 50 వాట్స్ ఇంటూ 4 అని రాస్తారు, అది నమ్మద్దు, ఆర్ఎంఎస్, అంటే నికరంగా ఇచ్చే పవర్, ఎంతో అడగండి, విడిగా ఆంప్లిఫయర్ లేకుండా 20 చుట్టుపక్కల ఉంటే గొప్పే.

లంకల_కుర్రోడు:
ఆయ్, అసలు సంగతి ఎవరూ చెప్పట్లేదేంటండి! బ్రాండెడ్ సెట్టు దాదాపు ఏది తీసుకున్నా హ్యాండ్ బ్రేక్ లాగితేనే ముందు స్క్రీన్‌లో వీడియో వస్తది, దానికని విడిగా ఓ వైరుంటది. బండి కదిలితే బొమ్మ పోయి పాట మిగులుద్ది. ఫోన్‌ని స్క్రీన్‌కి కలిపే ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే ఉన్నా అంతే, డ్రైవింగ్‌లో సినిమాలకి ఒప్పుకోవు. షాపులో బండి నడుస్తున్నా బొమ్మొచ్చేలా ఆ వైరు ఎర్త్ చేసేస్తాం సార్ అంటారు, దయచేసి చేయించుకోవద్దు. మన కాలవ గట్ల మీద ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరొస్తే పక్కకి దిగడానికే చోటుండదు, అలాంటి చోట కళ్ళ ముందు సినిమా ఆడితే చూపు అటు పోకుండా ఉంటదా.

అమలాపురం_డిజైర్:
అయితే పిల్లలకి కొన్నట్టే లేదు కదండీ మరి?

లంకల_కుర్రోడు:
ఎందుకు లేదండి, వీడియో ఔట్ ఉన్న సెట్టు అడగండి. పసుప్పచ్చ ఆర్‌సీఏ పిన్నుంటది, దాన్నుంచి వైరు లాగి సీటు వెనక హెడ్‌రెస్ట్‌కి చిన్న స్క్రీన్ తగిలించుకుంటే బండి నడుస్తున్నా వెనకాల ఆడతది, ముందు మీకు ఖాళీ. కొన్ని చవక సెట్లలో ఆ పిన్ను ఉండదు, వెనక్కి తిప్పి చూడండి. 9 అంగుళాలు అనవసరం, చిన్నదాని మీద మిగిలిన డబ్బులు వెనక స్క్రీన్‌కి పెట్టండి.

రావులపాలెం_వైరింగ్:
పైనాయన చెప్పిందే కరెక్టండి. నావి రెండే మాటలు. వైర్లు కోసి టేపు చుట్టనివ్వకండి, డిజైర్‌కి కప్లర్ (కోయకుండా వైర్లు కలిపే సాకెట్), ఫ్రేమ్ రెడీమేడ్‌గా దొరుకుతాయి, మన సముద్రపు గాలికి టేపు కింద రాగి పచ్చబడిపోద్ది. పసుపు వైరు నేరుగా బ్యాటరీకి, ఎరుపు తాళం తిప్పితే కరెంటొచ్చే లైనుకి, రెండూ కలిపి బ్యాటరీకిచ్చేస్తే నాలుగు రోజులు బండి తీయకపోతే స్టార్టవ్వదు. రివర్స్ కెమెరా కూడా అప్పుడే వేయించేయండి, డాష్ మళ్ళీ విప్పే పనుండదు.

అమలాపురం_డిజైర్:
థాంక్సండి అందరికీ. ఆదివారం పెన్‌డ్రైవ్ పట్టుకుని కాకినాడ వెళ్తున్నా, 7 అంగుళాలదే. హెడ్‌రెస్ట్ స్క్రీన్ ఒకటి చాలా, రెండు కావాలా? ఒకటైతే మళ్ళీ అదే కొట్లాట.

లంకల_కుర్రోడు:
మధ్యలోకి ఒకటే పెట్టండి బాబూ, రెండు పెట్టినా ఇద్దరికీ ఒకే బొమ్మొస్తది.